టాంజానియా కొండల్లో హోవెల్ చుంచు: చెట్లున్నా నేల మిగలకపోతే?

క్లుప్తంగా: హోవెల్ అడవి చుంచు టాంజానియాలోని ఈస్టర్న్ ఆర్క్ కొండల అడవుల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. దాన్ని ఎవరూ వేటాడరు, అమ్ముకోరు. దాని కష్టమంతా అడవి నేలతోనే. తడి ఆకుల పొర పలచబడితే తిండి పోతుంది, అయినా పైనుంచి చూసేవారికి అడవి పచ్చగానే కనిపిస్తుంది. పైగా ఒక్కో కొండ మీది చుంచులు చాలా కాలంగా వేటికవే బతుకుతున్నాయి. కాబట్టి ఒక కొండను కాపాడినంత మాత్రాన జాతి మొత్తాన్నీ కాపాడినట్టు కాదు.

### ఎలుకా కాదు, ఏనుగు చుంచూ కాదు

చుంచు అనగానే తెలుగు ఇళ్లలో గుర్తొచ్చేది రాత్రిపూట గోడవారగా కీచుమంటూ పరిగెత్తి, పోయినచోటల్లా ఘాటు వాసన వదిలే జీవి. ఎలుకల బోనులో పడుతుంది గానీ అది ఎలుక కాదు. ఎలుకల ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అందుకే గింజ, చెక్క, వైరు అన్నీ కొరుకుతాయి. చుంచు ముందుపళ్లు ముందుకు పొడుచుకొచ్చి, పురుగును పట్టి లాగడానికి వీలుగా ఉంటాయి. బంధుత్వం చూస్తే ఒంటిమీద ముళ్లుండే హెడ్జ్‌హాగ్, నేల తవ్వుకుని బతికే మోల్ వంటివి దానికి దగ్గరి చుట్టాలు.

హోవెల్ చుంచు అదే కుటుంబంలోది, కాకపోతే చాలా చిన్నది. బరువు పది గ్రాములకు లోపే. పొడవాటి ముక్కు, గుండుసూది తలంత కళ్లు, ముదురు రంగు బొచ్చు. 1984లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం శాస్త్రవేత్త పౌలీనా జెంకిన్స్ దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. ఆధారం ఈస్టర్న్ ఆర్క్‌లోని ఉలుగురు కొండల్లో దొరికిన నమూనాలు. దార్ ఎస్ సలాం విశ్వవిద్యాలయ జంతుశాస్త్రజ్ఞుడు కిమ్ హోవెల్ పేరు మీద దానికి సిల్విసోరెక్స్ హోవెల్లి అని పేరు పెట్టారు.

ఇక్కడ పాఠకులు తరచూ పొరబడే సంగతి ఒకటుంది. ఇదే కొండల వరుసలోని ఉద్జుంగ్వా అడవుల నుంచి 2008లో ఒక కొత్త 'ఏనుగు చుంచు' వార్తల్లోకి వచ్చింది. బూడిదరంగు ముఖం, దాదాపు 700 గ్రాముల బరువు. పేరులో చుంచు ఉన్నా అది చుంచు కాదు. దాని వంశం ఏనుగులు, చెదలు తినే ఆర్డ్‌వార్క్‌లు ఉన్న ఆఫ్రికా శాఖలోకి వెళ్తుంది. ముక్కు పొడవుగా ఉండటం ఒక్కటే పోలిక.

మన ఇళ్లలోని చుంచుతో పోల్చి చూడటం ఇంతకన్నా ఉపయోగం. రెండూ తెల్లపళ్ల చుంచుల ఉపకుటుంబానికే చెందుతాయి. ఇంటి చుంచు ఓడల సరుకుతో పాటు హిందూ మహాసముద్రం దాటి జాంజిబార్‌కు, తూర్పు ఆఫ్రికా తీర పట్టణాలకు చేరి అక్కడా స్థిరపడింది. అదే దేశంలో, తీరానికి కాస్త లోపలున్న కొండ మీది హోవెల్ చుంచు మాత్రం ఎదురుగా కనిపించే పక్క కొండకు కూడా పోలేకపోయింది. ఒకే ఉపకుటుంబంలో ఇంత తేడా ఎందుకన్నదే అసలు ప్రశ్న. జవాబు మొదలయ్యేది ఒంటి సైజు దగ్గర.

### చిన్న ఒంటికి పెద్ద ఖర్చు

గ్లాసులో పోసిన టీ చల్లారినంత త్వరగా గంగాళంలోని నీళ్లు చల్లారవు. ఒళ్లు చిన్నదైన కొద్దీ బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, కాబట్టి వేడి, తేమ రెండూ త్వరగా పోతాయి. ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి చుంచు గుండె నిమిషానికి కొన్ని వందల సార్లు కొట్టుకుంటుంది, తిండి వేట పగలూ రాత్రీ విడతలు విడతలుగా సాగుతుంది. యూరప్‌లోని ఎర్రపళ్ల చుంచులు రోజూ తమ బరువుకు దగ్గర దగ్గరగా తింటాయి. వాటి పళ్లకు ఆ రంగు పింగాణీ పొరలోని ఇనుము వల్ల వస్తుంది.

తెల్లపళ్ల చుంచులు వేడి దేశాల్లో పెరిగిన శాఖ. వాటి జీవక్రియ వేగం కొంత తక్కువ. తిండి దొరకనప్పుడు ఒళ్లు చల్లబరచుకుని కొన్ని గంటలు మగతలోకి జారుకునే నేర్పు ఈ శాఖలోని కొన్ని జాతుల్లో నమోదైంది. పిల్లలు ఒకదాని తోక మొదలు ఇంకొకటి పళ్లతో పట్టుకుని తల్లి వెనక వరుసగా నడవటం కూడా ఈ శాఖలో కనిపించే అలవాటే, ఇంటి చుంచులోనూ ఉంది. అయినా ఏడాదీ రెండేళ్ల ఆయుష్షున్న ఈ జీవులకు నిల్వ అంటూ ఉండదు. ఇవాళ్టి తిండి ఇవాళే దొరకాలి.

ఆ తిండి ఉండేది అడవి నేల మీద. కొండ అడవిలో ఒక చోట ఆకులు పక్కకు తీస్తే పైన కొన్ని పొడి ఆకులు, వాటి కింద ఒకదానికొకటి అంటుకుపోయిన నల్లటి తడి ఆకులు, వాటిని అల్లుకున్న తెల్లటి బూజు దారాలు, ఇంకా కింద సన్నని వేళ్ల చాప కనిపిస్తాయి. సాలీళ్లు, జెర్రులు, వానపాములు, చెదలు, కంటికి ఆనని గెంతే పురుగులు ఈ పొరల మధ్యే తిరుగుతాయి. చుంచు కూడా అక్కడే, ముక్కుతో తోసుకుంటూ ఆకుల కింద దారులు చేసుకుని పోతుంది. ఆ తడి దానికి తిండి పెడుతుంది, ఒంటి తేమ ఆరకుండా కూడా చూస్తుంది. పైన ఎండ నేరుగా పడటం మొదలైతే ఈ రెండూ ఒకేసారి దెబ్బతింటాయి.

### కొండలే దీవులు

ఈస్టర్న్ ఆర్క్ అంటే కెన్యాలోని టైటా కొండల నుంచి టాంజానియాలోని ఉద్జుంగ్వా దాకా విల్లులా వంగిన పురాతన కొండల వరుస. మధ్యలో పారే, ఉసంబర, ఎన్‌గురు, ఉకగురు, ఉలుగురు లాంటి గుట్టలు విడివిడిగా నిలబడి ఉంటాయి, పొడి మైదానాలు వాటిని వేరు చేస్తాయి. హిందూ మహాసముద్రం నుంచి వచ్చే తేమగాలి ఈ కొండలను తాకి వానగా కురుస్తుంది. తూర్పు ఉసంబరలోని అమానిలో ఏడాదికి దాదాపు 2,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, హైదరాబాద్ సగటుకు రెట్టింపు పైనే.

ఇక్కడి ప్రత్యేకత వాన ఎక్కువ పడటం కాదు, అది చాలా కాలంగా ఆగకపోవడం. సముద్రం ఉష్ణోగ్రత పెద్దగా మారకపోవడంతో, మంచుయుగాల్లో ఆఫ్రికా లోపలి భాగం ఎండిపోయినప్పుడు కూడా ఈ కొండల మీద తడి అడవి నిలబడిందని భూ, జీవ శాస్త్రవేత్తల అంచనా. పక్కనే కనిపించే కిలిమంజారోతో పోలిస్తే ఇది తెలుస్తుంది. కిలిమంజారో సుమారు పాతిక లక్షల ఏళ్ల కిందట మొదలైన అగ్నిపర్వతం. ఈస్టర్న్ ఆర్క్ కొండలు కోట్ల ఏళ్ల నాటివి. కిలిమంజారో మీద ఉండే సిల్విసోరెక్స్ చుంచు వేరే జాతి, అది తూర్పు ఆఫ్రికాలో ఇతర ఎత్తైన పర్వతాల మీదా ఉంది. హోవెల్ చుంచు పాత కొండలకే పరిమితం.

సిల్విసోరెక్స్ బంధువులు ఎక్కువగా ఉన్నది పడమటన, కాంగో, కామెరూన్ అడవుల్లో. ఒకప్పుడు అడవి ఖండం అడ్డంగా కలిసే ఉండేదని, వాతావరణం ఎండిపోయి మధ్యలో గడ్డి మైదానాలు పరుచుకున్నాక తూర్పు అంచున ఈ ముక్కలు మిగిలాయని చెప్పడానికి ఇలాంటి జంతువులే సాక్ష్యం. 2005లో ఉద్జుంగ్వాలో బయటపడ్డ మరో చుంచు ఈ వాదనకు ఇంకా బలమిచ్చింది. అది కాంగోసోరెక్స్ ప్రజాతిది, అప్పటిదాకా వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కాంగో ప్రాంతంలో మాత్రమే తెలిసిన గుంపు.

హోవెల్ చుంచు మీద చికాగోలోని ఫీల్డ్ మ్యూజియం శాస్త్రవేత్త విలియం స్టాన్లీ, లింక్ ఓల్సన్ కలిసి 2005లో ప్రచురించిన పరిశోధన ఈ దీవుల సంగతిని ఇంకా లోతుగా తవ్వింది. వేర్వేరు కొండల చుంచుల డీఎన్‌ఏ, పుర్రె కొలతలు పోల్చి చూస్తే ఒక్కో కొండ జనాభా మిగతావాటి నుంచి విడిపోయి చాలా కాలమైందని తేలింది. ఉసంబర చుంచులకు అంతకు ముందే, 1986లో, జర్మన్ శాస్త్రవేత్త రైనర్ హుటెరర్ వేరే ఉపజాతి హోదా ఇచ్చారు.

దీని అర్థం ఆచరణలో ఇదీ: ఉసంబరలో అడవి పోతే ఉలుగురు నుంచి చుంచులు వచ్చి ఆ ఖాళీ నింపవు. మధ్య మైదానంలో ఎండ, గడ్డి, పొలాలు. పది గ్రాములు కూడా లేని, తడి ఆకుల కింద తప్ప బతకలేని జంతువుకు అది దాటలేని దూరం. మనుషులు తెచ్చి వదిలినా పోయిన వంశం తిరిగి రాదు.

### బకెట్లతో వెతుకులాట

ఇంత చిన్న జంతువును లెక్కపెట్టడం ఒక సమస్య. మామూలు ఎలుకల ఉచ్చులో మీట కదలాలంటే కొంత బరువు కావాలి, చుంచుకు అంత ఉండదు. లోపల పెట్టే గింజలు, వేరుశనగ ముద్ద పురుగులు తినే జీవికి రుచించవు. అందుకే ఈ కొండల్లో స్టాన్లీ బృందం ఏళ్ల తరబడి వాడింది బకెట్లనే. పదిహేను లీటర్ల ప్లాస్టిక్ బకెట్లు పదకొండు తీసుకుని, ఐదేసి మీటర్ల ఎడంతో, మూతి నేలకు సమంగా ఉండేలా పాతుతారు. వాటి నడిమి మీదుగా అర మీటరు ఎత్తు ప్లాస్టిక్ షీటు నిలబెడతారు. ఆకుల కింద నుంచి వచ్చే చుంచు షీటు తగిలి, దాని వెంబడే పక్కకు నడిచి, బకెట్లో పడుతుంది. వాన నీరు నిలవకుండా బకెట్ల అడుగున చిల్లులు పెడతారు.

పద్ధతి పాతదే, ఖర్చు తక్కువే. కష్టమంతా ఏటవాలు కొండ మీద, వేళ్లు అల్లుకున్న నేలలో గుంతలు తవ్వడంలోనే ఉంది. ఒకే కొలతలు అన్ని కొండల మీదా పాటించడం వల్ల ఒక ఎత్తులో ఎన్ని జాతులున్నాయి, పైకి పోయేకొద్దీ ఏవి మారుతున్నాయి అన్నది పోల్చడానికి వీలైంది. ఉచ్చులతో మాత్రమే సర్వే చేసిన అడవిలో చుంచులు లేవనిపించడం, అదే అడవిలో బకెట్లు పెడితే నాలుగైదు జాతులు బయటపడటం ఇక్కడ కొత్త సంగతేమీ కాదు. స్టాన్లీ 2015లో ఇథియోపియాలో ఫీల్డ్ పనిలో ఉండగానే చనిపోయారు. ఈ కొండల చిన్న జంతువుల గురించి ఇవాళ తెలిసినదాంట్లో పెద్ద భాగం ఆయన, టాంజానియా సహచరులు పాతిన బకెట్ల నుంచి వచ్చిందే.

### ఏలకుల కింద అడవి

ఈస్టర్న్ ఆర్క్‌లో మిగిలిన కొండ అడవి సుమారు 3,300 చదరపు కిలోమీటర్లు, ఒకప్పటి విస్తీర్ణంలో మూడో వంతు కన్నా తక్కువ. మన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యమే ఇంతకన్నా పెద్దది. అదీ ఒకచోట లేదు, పదమూడు కొండల మీద, ఒక్కో కొండ మీద మళ్లీ చిన్న చిన్న ముక్కలుగా ఉంది. జర్మన్ల పాలన నాటి నుంచి కాఫీ, తర్వాత తేయాకు, కలప కోత, ఎప్పుడూ ఉండే వంటచెరకు, పొలాల విస్తరణ, నిప్పు పెట్టి చదును చేయడం ఇందుకు కారణాలు. ఇవన్నీ ఉపగ్రహ చిత్రంలో కనిపిస్తాయి.

కనిపించనిది ఏలకుల సాగు. పడమటి కనుమల నీడలో పుట్టిన ఏలకి మొక్క తూర్పు ఉసంబరలో రైతులకు ముఖ్యమైన రొక్కం పంట అయింది. దానికి నీడ కావాలి కాబట్టి పెద్ద చెట్లను పూర్తిగా కొట్టరు. కింద ఉన్న పొదలు, లేత మొక్కలు నరికేస్తారు, పైకప్పును కొంత పలచన చేస్తారు, నేల శుభ్రం చేసి ఏలకి దుంపలు నాటుతారు. పైనుంచి చూస్తే అడవి. కింద నిలబడి చూస్తే ఎండ మచ్చలు పడిన నేల, కలుపు తీసిన మట్టి. కొత్త చెట్లు మొలిచే వీలు లేకపోవడంతో పాత చెట్లు పడిపోయిన కొద్దీ అడవి తనంతట తానే తరిగిపోతుంది. దిగుబడి తగ్గాక ఆ చోటు వేరే పంటకు మారుతుంది. చుంచు లెక్కలో మాత్రం ఆ అడవి మొదటి ఏడాదే పోయినట్టు.

మేసోప్సిస్ అనే చెట్టు సంగతీ ఇలాంటిదే. ఆఫ్రికాలోనే వేరే ప్రాంతానికి చెందిన ఈ చెట్టును అమానిలో నాటారు. కలప కోత వల్ల ఏర్పడిన ఖాళీల్లోకి అది వేగంగా పాకింది, హార్న్‌బిల్ పక్షులు పండ్లు తిని గింజలు వెదజల్లాయి. త్వరగా పెరిగి పచ్చగా కప్పేస్తుంది, అటవీ విస్తీర్ణం లెక్కలో చెట్టు కిందే జమ. కానీ దాని ఆకులు త్వరగా చివికిపోతాయి, కింద పొర పలచబడుతుంది. పచ్చదనం శాతం పెరిగిందని సంతోషించే నివేదికల్లో ఈ తేడా పడదు. అటవీ విస్తీర్ణాన్ని పైకప్పుతో కొలిచే పద్ధతికి ఉన్న అసలు లోపం ఇదే.

### పైకి జరిగే చోటు

వంద మీటర్లు పైకి వెళ్తే ఉష్ణోగ్రత దాదాపు 0.6 డిగ్రీలు తగ్గుతుంది. వాతావరణం వేడెక్కితే కొండ జంతువులు పైకి జరుగుతాయన్నది సాధారణ అంచనా. కానీ తూర్పు ఉసంబర శిఖరాలు 1,500 మీటర్ల దగ్గరే ఆగిపోతాయి. ఉలుగురు 2,600 మీటర్లు దాటుతుంది. ఒకే జాతికి ఒక కొండ మీద జరగడానికి చోటుంది, ఇంకో కొండ మీద లేదు. మేఘం పట్టే ఎత్తు మారితే పొడి కాలంలో ఆకుల తడి ఎంతవరకు నిలుస్తుందన్నది ఉష్ణోగ్రత కన్నా ముందే తేలిపోవచ్చు.

### ఒక కప్ప అనుభవం

ఈ కొండల్లో చిన్న చోటును నమ్ముకున్న జాతికి ఏమవుతుందో చెప్పే ఉదాహరణ కిహాన్సి కప్ప. ఉద్జుంగ్వా కొండల్లోని ఒక జలపాతం తుంపరలు పడే దాదాపు రెండు హెక్టార్ల నేలలో ఉండేది. 1990ల్లో దాన్ని గుర్తించి వర్ణించినవారిలో చుంచుకు పేరిచ్చిన కిమ్ హోవెల్ కూడా ఒకరు. జలవిద్యుత్ కోసం 2000లో నీటిని మళ్లించడంతో జలపాతంలో పదో వంతు ప్రవాహమే మిగిలింది. కృత్రిమంగా తుంపర చల్లే ఏర్పాట్లు చేసినా 2003లో కప్పల సంఖ్య కుప్పకూలింది, ఫంగస్ వ్యాధి కూడా కనిపించింది. 2009లో ప్రకృతిలో అంతరించినట్టు ప్రకటించారు. ముందే అమెరికా జూలకు తరలించిన దాదాపు 500 కప్పల సంతానాన్ని 2012 నుంచి తిరిగి వదులుతున్నారు.

చుంచుకు ఆ దారి లేదనే చెప్పాలి. తుంపర గది కట్టి కప్పను పెంచడం సాధ్యమైంది. గంటగంటకూ పురుగులు కావాల్సిన, ఏడాదీ రెండేళ్లకే చచ్చిపోయే, కొండకో వంశం ఉన్న జంతువును అన్ని వంశాలతో సహా బోనుల్లో నిలపడం ఎవరూ తలకెత్తుకునే పని కాదు. దాన్ని ఉన్నచోటే కాపాడాలి.

### రక్షణ నీళ్ల పేరుతో

చుంచు పేరు చెప్పి ఎవరూ నిధులు అడగరు. ఈ అడవులకు రక్షణ వచ్చింది ఎక్కువగా నీళ్ల వల్ల. దార్ ఎస్ సలాం నగరానికి నీళ్లిచ్చే రువు నది ఉలుగురు కొండల్లోనే పుడుతుంది. టాంగా పట్టణం తాగే సిగి నది తూర్పు ఉసంబర నుంచి వస్తుంది. 1997లో అమాని, 2008లో ఉలుగురు నేచర్ రిజర్వులయ్యాయి. 2002 నాటి అటవీ చట్టం గ్రామాలకు అడవి నిర్వహణలో చట్టబద్ధమైన వాటా ఇచ్చింది. నీళ్లు, చుంచు రెండింటికీ కావాల్సింది చాలావరకు ఒకటే: వానను పీల్చుకుని నెమ్మదిగా వదిలే మెత్తని నేల. కాబట్టి ఈ దారి తప్పేమీ కాదు.

చిక్కు రైతు దగ్గర వస్తుంది. అమాని పక్కన డెరెమా అడవిని రక్షిత ప్రాంతంగా కలిపి, రెండు ముక్కల మధ్య దారి నిలపాలనుకున్నప్పుడు అక్కడ ఏలకులు పండించే వందలాది రైతులకు పరిహారం చెల్లించాల్సి వచ్చింది, ఆ వ్యవహారం ఏళ్ల తరబడి సాగింది. పంట పోయాక బతుకు తెరువు ఏమిటన్నది తేలని చోట హద్దురాళ్లు ఎక్కువ కాలం నిలవవు. చెట్టు నరకొద్దని చెప్పడం సులువు, నరికితే తెలుస్తుంది. కింద పొదలు కొట్టొద్దని, ఆకులు ఊడ్చొద్దని అమలు చేయడానికి అడవిలో రోజూ తిరిగే స్థానికుల సహకారం తప్ప వేరే ఉపాయం లేదు.

### రెడ్ లిస్ట్ చెప్పేది, చెప్పనిది

ఒక జంతువు ఎంత ప్రమాదంలో ఉందో చెప్పడానికి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) రెడ్ లిస్ట్‌నే అందరూ చూస్తారు. చుంచులాంటి వాటికి అందులోని వర్గం జంతువుల లెక్క మీద ఆధారపడదు, ఎవరూ తలలు లెక్కపెట్టలేదు. అక్కడ కొలిచేది విస్తీర్ణం. జాతి దొరికిన చోట్లన్నీ మ్యాపులో గుర్తించి, బయటి చుక్కలను కలుపుతూ గీత గీస్తారు. ఆ ప్రాంతం 20,000 చదరపు కిలోమీటర్లకు లోపుంటే 'దుర్బల' వర్గానికి, 5,000కు లోపుంటే 'అపాయంలో ఉన్న' వర్గానికి అర్హత వస్తుంది. దాంతోపాటు ఆవాసం ముక్కలవడం, తరుగుతూ ఉండటం వంటి షరతులు కూడా నెరవేరాలి.

ఈ గీతలో హోవెల్ చుంచు ఎన్నడూ కాలు పెట్టని మైదానం కూడా చేరిపోతుంది. ఉసంబర నుంచి ఉలుగురు దాకా గీస్తే పరిధి విశాలంగా కనిపిస్తుంది, లోపల నిజంగా అడవి ఉన్నది కొన్ని చుక్కల్లో. కొత్త కొండ మీద బకెట్లో ఒక చుంచు పడితే పరిధి ఇంకా పెరుగుతుంది, వర్గం మెరుగుపడినట్టూ అనిపిస్తుంది. అడవి మాత్రం అంగుళం కూడా పెరిగి ఉండదు.

దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. టాంజానియా కొండల్లోని మరో రకం చుంచులను చాలాకాలం క్రోసిడ్యూరా మోనాక్స్ అనే పేరు కింద కలిపి చూసేవారు. 2015లో డీఎన్‌ఏ, పుర్రెలు పరిశీలించి స్టాన్లీ, హుటెరర్ బృందం అందులోంచి మూడు కొత్త జాతులను వేరు చేసింది. వాటిలో ఒకటి ఉత్తర టాంజానియాలోని మేరు పర్వతానికి, ఒకటి ఎన్‌గోరోంగోరో ప్రాంతానికి పరిమితమైనవిగా తేలాయి. అప్పటిదాకా పలు పర్వతాల మీద ఉన్నట్టు కనిపించిన జంతువు, పేరు విడిపోగానే పర్వతానికొకటి అయింది. హోవెల్ చుంచు విషయంలో ఉసంబర ఉపజాతికి ఇప్పటికే వేరే పేరుంది, డీఎన్‌ఏ తేడాలూ నమోదయ్యాయి. ఎవరైనా దాన్ని పూర్తి జాతిగా ప్రకటిస్తే, ఒక్క చెట్టు కూలకుండానే రెండు చుంచుల పరిధీ కుదించుకుపోతుంది. అప్పుడు 1,500 మీటర్ల దగ్గరే ఆగిపోయే తూర్పు ఉసంబర అడవిని, దాని పక్కనున్న పడమటి ఉసంబర ముక్కలను ఆ జాతి మొత్తానికి ఉన్న ఆవాసంగా లెక్కగట్టాల్సి వస్తుంది.